‘షవర్’ సినిమాలో ఏమీ జరగలేదనిపించిన వారికి

మీ ప్రశ్న ఇది: ‘షవర్’ అనే చైనా సినిమా చూశారు. బీజింగ్‌లో ఒక పాత స్నానశాల, దాన్ని నడిపే పెద్దాయన, ఆయన ఇద్దరు కొడుకులు. సంప్రదాయానికీ ఆధునికతకీ మధ్య ఘర్షణ అని ఎక్కడో చదివి కూర్చుంటే, గంటన్నర సేపు జనం స్నానం చేయడం, టీ తాగడం, కీచురాళ్లతో పందేలు కట్టడం తప్ప ఏమీ కనబడలేదు. పాతది మంచిది, కొత్తది చెడ్డది అని చెప్పడానికి ఇంత సాగదీయాలా? అభివృద్ధి వద్దని చెప్పే సినిమాయేనా ఇది?

ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో ఒక చిన్న ఫిల్మ్ సొసైటీ పనులు చూస్తున్నాను. ఈ సినిమాను మేం మూడుసార్లు వేశాం. మూడుసార్లూ ఎవరో ఒకరు లేచి మీరడిగిందే అడిగారు. మొదటిసారి చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీరు సినిమా చూసేశారు కాబట్టి చివర్లో ఏమవుతుందో దాచడం లేదు.

ముందు పేరు దగ్గర మొదలుపెడదాం. 1999లో వచ్చిన ఈ సినిమాకి చైనీస్‌లో పెట్టిన పేరు ‘షీజావ్’. స్నానం చేయడం అని అర్థం, అంతే. బయటి దేశాల కోసం ‘షవర్’ అని మార్చారు. నాకు ఆ మార్పు నచ్చదు. ఎందుకంటే ఈ సినిమాలో షవర్‌ది ఒక వైపు, స్నానానిది ఇంకో వైపు. మొదటి సీన్ గుర్తు తెచ్చుకోండి. ఒకతను వీధిలో ఉన్న పెట్టెలాంటి గదిలోకి వెళ్తాడు. బట్టలు విప్పి నిలబడతాడు. కార్లు కడిగే చోట తిరిగినట్టు బ్రష్‌లు తిరుగుతాయి, సబ్బు నురగ వస్తుంది, నాలుగు వైపుల నుంచీ నీళ్లు కొడతాయి. కొద్దిసేపట్లో మనిషి శుభ్రంగా బయటికొస్తాడు. ఇంకో మనిషి అతన్ని ముట్టుకోలేదు, పలకరించలేదు. ఆ వెంటనే కెమెరా, పెద్దాయన మాస్టర్ లియూ నడిపే స్నానశాలలోకి వస్తుంది. ఆవిరి, వేడినీళ్ల తొట్టి, నడుముకి తుండు కట్టుకుని ముచ్చట్లాడే ముసలివాళ్లు. సినిమా అడగబోయే ప్రశ్న ఈ రెండు సీన్ల మధ్యే ఉంది. ఒంటి మీది మురికి ఎలాగైనా పోతుంది. దాన్ని వదిలించే చేయి ఎవరిది?

ఈ సినిమా నెమ్మదికి కారణం కూడా అక్కడే ఉంది. అక్కడి స్నానశాలలో వీపు రుద్దడం ఒక వృత్తి. బాగా నానాక కస్టమర్ బల్ల మీద బోర్లా పడుకుంటాడు. రుద్దేవాడు తడి తుండును అరచేతికి బిగించి చుట్టుకుని, మెడ నుంచి నడుము దాకా ఒకే ఒత్తిడితో లాగుతాడు. నలుగు పెట్టినప్పుడు సున్నిపిండితో పాటు మట్టి నల్లటి నలుసులుగా చుట్టుకుని రాలుతుంది చూడండి, అలాగే రాలుతుంది. చిన్నప్పుడు ఆదివారం పూట అమ్మమ్మ చేతికి చిక్కి, కుంకుడుకాయ పులుసు కళ్లలో పడి ఏడుస్తూ తలంటు పోయించుకున్నవాళ్లకి ఈ పని ఎంతసేపు పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. తొందరపెడితే అది స్నానమే కాదు. ఆ వేగంతోనే సీన్లు కోయాలని దర్శకుడు జాంగ్ యాంగ్ అనుకున్నాడని నా నమ్మకం.

ఇప్పుడు కథ. పెద్ద కొడుకు దామింగ్ దక్షిణాన షెన్‌జెన్‌లో ఉంటాడు. చిన్నవాడు ఎర్‌మింగ్‌కి వయసు పెరిగింది గానీ బుద్ధి పసివాడిది. అతను తండ్రి దగ్గరే ఉంటాడు. చైనీస్‌లో ‘దా’ అంటే పెద్ద, ‘ఎర్’ అంటే రెండు. మన ఇళ్లలో పెద్దోడు, చిన్నోడు అని పిలుచుకున్నట్టే. చిన్నోడు ఒక కార్డు మీద తండ్రి పడుకుని ఉన్నట్టు బొమ్మ గీసి అన్నకి పంపుతాడు. అది చూసి తండ్రి పోయాడనుకుని పెద్దోడు పరుగున వస్తాడు. వచ్చి చూస్తే తండ్రి నిక్షేపంగా పనిలో ఉంటాడు. అసలు సంగతి తెలిశాక వెంటనే వెళ్లిపోవాలనుకుంటాడు గానీ ఒక్కో రోజూ ఆగుతాడు. ఈలోగా ఆ పేట మొత్తం కూల్చేస్తారని తెలుస్తుంది.

షెన్‌జెన్‌ను ఊరికే ఎంచుకోలేదు. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి అయ్యేదాకా అది హాంకాంగ్ సరిహద్దున ఉన్న చిన్న పట్టణం. 1980ల్లో అక్కడ ఒక పెద్ద భవనాన్ని మూడు రోజులకో అంతస్తు చొప్పున లేపారు. ‘షెన్‌జెన్ వేగం’ అనే మాట అప్పుడే పుట్టి దేశమంతా పాకింది. మూడు రోజులకో అంతస్తు లేచే ఊరి నుంచి వచ్చినవాడు, తొట్టిలో నీళ్లు వేడెక్కేదాకా ఆగే ఊళ్లో కూర్చోవాలి. దామింగ్ ముఖంలో మొదట్లో కనబడే చికాకు మీరు థియేటర్లో పడ్డ చికాకే. నటుడు పూ ట్సున్‌షిన్ దాన్ని అరవకుండా, విసుక్కోకుండా, భుజాలు బిగించి నిలబడటంలోనే చూపిస్తాడు.

ఇక పేట సంగతి. పాత బీజింగ్‌లో ఇరుకు సందులను హుటోంగ్‌లు అంటారు. వాటిలో నడిమి వాకిలి చుట్టూ నాలుగు వైపులా గదులుండే ఇళ్లు. ఒకప్పుడు ఒక్క కుటుంబం కోసం కట్టిన అలాంటి ఇంట్లో, తర్వాతి కాలంలో నాలుగైదు కుటుంబాలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ సర్దుకున్నాయి. చాలా ఇళ్లలో స్నానాల గది లేదు, మరుగుదొడ్డి వీధి చివర. కాబట్టి వీధి స్నానశాలకి వెళ్లడం ఆచారమే కాదు, అవసరం కూడా. ఉద్యోగులకైతే పనిచేసే సంస్థలోనే స్నానాల గదులుండేవి, టికెట్లు ఇచ్చేవారు. 1990లో శిథిలమైన పాత ఇళ్లను తీసేసి కొత్తవి కట్టే పథకాన్ని నగరం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. ఆ పదేళ్లలో గోడల మీద ఒకే ఒక్క అక్షరం రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి పోయేవారు. ‘కూల్చు’ అని దానర్థం. బీజింగ్‌కి ఒలింపిక్స్ ఖరారైంది 2001 జులైలో. అంటే ఈ సినిమా అంతకు రెండేళ్ల ముందుది. ఒలింపిక్స్ కోసమే పాత పేటలు పోయాయని చాలామంది అనుకుంటారు గానీ, పని అప్పటికే జోరుగా సాగుతోంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ‘పాతది మంచిది, కొత్తది చెడ్డది’ అనే లెక్కకి సినిమా లొంగదు. ఆ ఇళ్లలో చలికాలం గడపడం కష్టం. కొత్త ఫ్లాట్‌లో కొళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయంటే ఎవరికి చేదు? వద్దనే హక్కు మనకి లేదు. సినిమాలో కూడా కూల్చేవాళ్లను దుర్మార్గులుగా చూపించరు. బుల్‌డోజర్‌కి అడ్డంగా పడుకునే వీరుడూ లేడు. జనం పాత రోజులు తలుచుకుంటారు, సామాన్లు సర్దుకుంటారు. నిజంగా జరిగేది అదే.

మరి సినిమా బాధ దేని గురించి? మేం రెండోసారి వేసినప్పటి సంగతి చెప్తాను. సినిమా అయ్యాక చర్చ జోరుగా సాగింది. ఒకరు పాతబస్తీ గురించి, ఒకరు ప్రపంచీకరణ గురించి, నేను కెమెరా గురించి. వెనక వరసలో ఒకావిడ, యాభై దాటి ఉంటారు, చాలాసేపు చేయెత్తి పట్టుకుని ఉన్నారు. మైకు అందాక ఆవిడ అడిగింది ఒక్కటే. “ఆ చిన్నబ్బాయిని తర్వాత ఎవరు చూసుకుంటారండీ?” ఆవిడకి అలాంటి కొడుకే ఉన్నాడని తర్వాత తెలిసింది. హాలు మొత్తం నిశ్శబ్దమైపోయింది. అంతసేపూ మేం మాట్లాడింది గోడల గురించి. ఆవిడ చూసింది మనిషిని. ఈ సినిమాకి నాకు దొరికిన తాళంచెవి ఆవిడ ప్రశ్నే.

ఆ కళ్లతో మళ్లీ చూడండి. స్నానశాలలో ఎర్‌మింగ్ ఎవరికీ బరువు కాదు. తొట్టి కడుగుతాడు, తుండ్లు సర్దుతాడు, ఏ కస్టమర్‌కి ఏది కావాలో అతనికి తెలుసు. పని అయ్యాక రాత్రి పూట తండ్రితో కలిసి వీధుల్లో పరుగు పందెం పెట్టుకుంటాడు. నీళ్లలో మునిగి ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగపడతారో చూసుకుంటారు. అక్కడ అతను పనివాడు, చేతికందొచ్చిన కొడుకు, పేటలో అందరికీ తెలిసిన మనిషి. ఆ గుమ్మం దాటి పెద్ద రోడ్డెక్కితే ఏ పనీ చేతకానివాడు. టికెట్ కొనడానికి వెళ్తూ అన్న అతన్ని వెంట తీసుకెళ్లి తప్పిపోనిచ్చే సీన్ అందుకే అంత గుచ్చుకుంటుంది. తండ్రి కొడుకు మీద విరుచుకుపడేది మొత్తం సినిమాలో అక్కడే. ఒక కొడుకు ఎప్పుడో దూరమయ్యాడు, రెండోవాణ్ని కూడా పోగొట్టుకోలేననే బాధ ఆ కోపంలో ఉంది.

కూల్చివేత వార్తను ఇప్పుడు మళ్లీ వినండి. పోయేది ఒక కట్టడం కాదు. ఎర్‌మింగ్ లాంటివాడు మామూలు మనిషిగా బతకగలిగిన చోటు పోతోంది. అటువంటి ఏర్పాటును ఏ ప్రభుత్వమూ రాసి పెట్టలేదు. వందమంది రోజూ వచ్చిపోతూ, పేరు పెట్టి పిలుస్తూ, తప్పు చేస్తే సర్దుకుంటూ వాళ్లంతట వాళ్లు తయారుచేసుకున్నది అది. ఫ్లాట్లు వస్తాయి, అందులో స్నానాల గదీ వస్తుంది. ఈ ఏర్పాటు మాత్రం లారీ ఎక్కదు. ఇంత చిన్న సంగతి మనకి తట్టాలంటే ఆ చోటులో మనం కూడా చాలాసేపు కూర్చోవాలి. అందుకే ఆ కీచురాళ్ల పందేలు, ఆ చదరంగం, వీపుకి కప్పులు బిగించే వైద్యం, అన్నీ. వాటిలో కథ లేదని మీరన్నారు. నిజమే, లేదు. వాటివల్ల మనం కూడా అక్కడి రోజువారీ కస్టమర్లం అవుతాం, అది చాలు.

కీచురాళ్ల గురించి ఒక మాట. మనకి కోడిపందేలెలాగో బీజింగ్ ముసలివాళ్లకి అవి అలాగ. మట్టి కుండీలో పెంచుతారు, సన్నని గడ్డిపోచతో మీసాలు తాకించి రెచ్చగొడతారు. ఏడెనిమిది వందల ఏళ్ల క్రితం సోంగ్ వంశం నాటి మంత్రి జియా సీదావ్ వీటి మీద ఏకంగా ఒక గ్రంథం రాశాడని చెప్తారు. ఆ పురుగు బతికేది చలి ముదిరేదాకానే. ఒక్క కాలం కోసం అంత శ్రద్ధ పెట్టే ఇద్దరు ముసలివాళ్లు, రోజూ కొట్లాడుకుంటూ మళ్లీ పక్కపక్కనే తొట్టిలో కూర్చుంటారు. రేపు ఒకరు పదో అంతస్తులో, ఇంకొకరు ఊరి ఇంకో చివర ఉంటే ఆ పోట్లాటకి ఎక్కడ కలుస్తారు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాట పాడే కుర్రవాడి సంగతి. ‘ఓ సోలే మియో’ అనే ఇటలీ పాట అతను షవర్ కింద నిలబడితే గొంతెత్తి పాడగలడు. నీళ్లు ఆగితే గొంతు ఆగిపోతుంది. పేటలో ఏదో కార్యక్రమంలో స్టేజీ ఎక్కించి పాడమంటే నోరు పెగలక బిగుసుకుపోతాడు. జనం నవ్వుతారు. అప్పుడు ఎర్‌మింగ్ గొట్టం పట్టుకుని అతని మీదికి నీళ్లు కొడతాడు. పాట బయటికొస్తుంది. అక్కడున్న తెలివైనవాళ్లెవరికీ తట్టనిది బుద్ధి ఎదగలేదనుకున్నవాడికి తట్టింది. ఎందుకంటే ఆ పాట రోజూ విన్నది, ఆ నీళ్లు రోజూ చూసింది అతనే. ఈ సీన్‌కి మా హాల్లో ప్రతిసారీ చప్పట్లు పడ్డాయి.

మరో సీన్ వయసు మీద పడేకొద్దీ బాగా అర్థమవుతుంది. తండ్రి తన పెళ్లినాటి రోజులు చెప్తాడు. భార్యది ఉత్తర షాన్‌షీ, పసుపు రంగు మట్టి గుట్టల ప్రాంతం. నీటి చుక్క కోసం అలమటించే నేల. పెళ్లికి ముందు కూతురు ఒక్కసారైనా ఒళ్లంతా తడిసేలా స్నానం చేయాలని ఆమె తండ్రి ఇంటింటికీ తిరిగి, గిన్నెడు ధాన్యం ఇచ్చి గిన్నెడు నీళ్లు తెచ్చుకుంటాడు. కరువు సీమల్లో పుట్టినవాళ్లకి, ట్యాంకర్ దగ్గర బిందెల వరసలో నిలబడ్డవాళ్లకి ఈ లెక్క సులువుగానే అర్థమవుతుంది. ఈ కథ విన్నాక మాస్టర్ లియూ రోజూ తొట్టిని ఎందుకంత భక్తిగా నింపుతాడో తెలుస్తుంది. అది ఆయనకి వ్యాపారం మాత్రమే కాదు.

సినిమాలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. టిబెట్‌లో ఒక ముసలమ్మ, మనవరాలు పవిత్ర సరస్సులో స్నానానికి కొండలు దాటి వెళ్లే భాగం అందంగా ఉంటుంది గానీ అతికించినట్టుంటుంది. షాన్‌షీ కథ తండ్రి గుండెలోంచి వచ్చింది, ఇది క్యాలెండర్ బొమ్మలోంచి వచ్చినట్టుంది. జాంగ్ యాంగ్ కూడా ఆ దాహం తీరనట్టు చాలా ఏళ్ల తర్వాత, 2015లో ‘పాత్స్ ఆఫ్ ద సోల్’ తీశాడు. నిజమైన టిబెట్ పల్లెవాసులు సాష్టాంగ ప్రణామాలు చేస్తూ లాసా మీదుగా కైలాసానికి వెళ్లే యాత్ర అది. ‘షవర్’లో కొన్ని నిమిషాల్లో తేలిపోయింది అందులో నిండుగా దొరికింది.

రెండో లోపం ఇంకా పెద్దది. ఈ స్నానశాల మగవాళ్ల ప్రపంచం. ఆ పేటలో ఆడవాళ్లు ఎక్కడ స్నానం చేశారు, చలిలో నీళ్లు ఎవరు కాచారు, కొత్త ఫ్లాట్ వస్తుందంటే వాళ్లేమనుకున్నారు? సినిమా అడగదు. భార్యాభర్తల గొడవ తీర్చడానికి మాస్టర్ లియూ రాత్రి పూట స్నానశాలను ఆ ఇద్దరికే వదిలేసే సీన్ ముచ్చటగా ఉంటుంది, కానీ అక్కడ కూడా మాట ఎక్కువగా మగవాడిదే. పాత పేట పోవడం అందరికీ ఒకే రకం నష్టం కాదని గుర్తుంచుకుని చూడాలి.

నటుల గురించి చెప్పకపోతే అన్యాయం. తండ్రి వేషం వేసిన జూ షూ బీజింగ్ పీపుల్స్ ఆర్ట్ థియేటర్‌లో దశాబ్దాల పాటు నాటకాలాడినాయన, 2018లో పోయారు. పెద్ద కొడుకుగా చేసిన పూ ట్సున్‌షిన్‌ది కూడా అదే సంస్థ. లావో షే రాసిన ‘టీహౌస్’ నాటకానికి పేరుపడ్డ సంస్థ అది. ఒకే టీ దుకాణంలో కూర్చున్నవాళ్ల ద్వారా యాభై ఏళ్ల చైనాని చూపిస్తుంది ఆ నాటకం. ఒక్క చోటులో, వచ్చిపోయే మనుషుల్లో కాలాన్ని చూపించడం బీజింగ్ వాళ్లకి అలా అలవాటైన పద్ధతి. ఎర్‌మింగ్‌గా చేసిన జియాంగ్ వూ ప్రసిద్ధ నటుడు, దర్శకుడు జియాంగ్ వెన్‌కి తమ్ముడు. అలాంటి పాత్ర దొరికితే చాలామంది జాలి పిండేస్తారు. ఇతను ఎక్కడా జాలి అడగడు. తండ్రి పిలిస్తే మెడ తిప్పే తీరు, పరుగు ముందు పాదాలు సర్దుకునే తీరు గమనించండి. సినిమాకి టొరంటో చిత్రోత్సవంలో విమర్శకుల బహుమతి, స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చాయి. నన్నడిగితే జియాంగ్ వూకి కూడా ఒకటి రావాల్సింది.

తండ్రి మరణం కూడా ఎంత సద్దు లేకుండా జరుగుతుందో చూశారుగా. తొట్టిలో, వేడినీళ్లలో. ఏడుపు పాట లేదు. ఆ తర్వాత అసలు పరీక్ష పెద్దోడిది. తనకి ఇలాంటి తమ్ముడున్నాడని భార్యకి అప్పటిదాకా చెప్పనే లేదు. ఆ దాచడంలో నాకు మన ఇళ్లు కూడా కనబడతాయి. సంబంధాలు చూసేటప్పుడు ఇంట్లో ఒక పిల్లాణ్ని లోపలి గదిలో ఉంచేసిన కుటుంబాలు నాకు తెలుసు. దామింగ్ తమ్ముణ్ని ఒక సంస్థలో చేర్చి చూస్తాడు. ఎర్‌మింగ్ అక్కడ ఉండలేడు. వెనక్కి తెచ్చుకుంటాడు, భార్యకి ఫోన్లో నిజం చెప్తాడు. తర్వాత ఎలా బతుకుతారో సినిమా చెప్పదు. చెప్పకపోవడం సరైనదే. ఆ రోజు హాల్లో ఆవిడ అడిగిన దానికి నా దగ్గరా జవాబు లేదు.

మీరు మళ్లీ చూస్తానంటే ఒక్క సలహా. కథ కోసం చూడొద్దు, చేతుల కోసం చూడండి. మొదట్లో దామింగ్ చేతులు జేబుల్లోనో ఫోన్ మీదో ఉంటాయి. వాన పడిన రాత్రి తండ్రితో కలిసి కప్పు కారకుండా చూసేటప్పుడు అవి మొదటిసారి పనిలోకి దిగుతాయి. అక్కడి నుంచి చివరిదాకా వాటి వెంటే వెళ్లండి. వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఈ సినిమాలో నీళ్ల చప్పుడే సగం సంగీతం.

ఇది నచ్చితే నింగ్ యింగ్ 1993లో తీసిన ‘ఫర్ ఫన్’ చూడండి. ఒపేరా థియేటర్‌లో కాపలా ఉద్యోగం చేసి రిటైరైన ముసలాయన, తోటి ముసలివాళ్లను పోగేసి పాటల బృందం పెడతాడు. అది ఇంతకన్నా నెమ్మది, ఇంతకన్నా నిక్కచ్చి కూడా. తర్వాత జియా జాంగ్‌కే 2008లో తీసిన ‘24 సిటీ’. చెంగ్డూలో ఒక పాత ఫ్యాక్టరీ స్థలంలో అపార్ట్‌మెంట్లు వస్తుంటే, అక్కడ జీవితమంతా పనిచేసినవాళ్లు కెమెరా ముందు కూర్చుని మాట్లాడతారు. మాట్లాడేవాళ్లలో కొందరు నిజమైన కార్మికులు, కొందరు నటులు. నేను పైన అడిగిన ఆడవాళ్ల వైపు కొంత అందులో దొరుకుతుంది. చూశాక ఇక్కడే రాయండి, మాట్లాడుకుందాం.